450 అని రాసి ఉంది

మాఘమాసం. చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి జాతర దగ్గర పడింది. నార్కట్‌పల్లిలో డీటీపీ పని చేసేవాళ్లకు ఊపిరాడని రోజులవి. ఒకపక్క పెళ్లి పత్రికలు, మరోపక్క జాతర ఫ్లెక్సీలు, అన్నదానం కరపత్రాలు. అక్కడొక చిన్న డీటీపీ షాపు నడిపే ఆమె ఒక పత్రికలో పెళ్లికొడుకు తాతగారి పేరు సరిచేస్తుండగా ముందున్న స్క్రీన్ నల్లబడింది. కేబినెట్‌లో ఫ్యాన్లు ఆగాయి, మళ్లీ తిరిగాయి. కంప్యూటర్ తనంతట తానే మొదటి నుంచి మొదలైంది. సేవ్ చేయని పేజీ పోయింది.

ఈ కథలో మనుషులకు పేర్లు పెట్టలేదు. చిన్న ఊళ్ల డీటీపీ షాపుల్లో తరచూ జరిగేవాటిని ఒకే షాపులో జరిగినట్టు కూర్చి రాశాను. మనుషులు కల్పితం. లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆ కంప్యూటర్ 2012 నాటిది. ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అందులో పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ దాన్ని వదిలేసి చాలా ఏళ్లయినా తెలుగు పెళ్లి పత్రికలు ఇప్పటికీ దాంట్లో తయారవుతున్నాయి. ఆమె వేళ్లకు ఆ కీబోర్డు వచ్చు. ఊళ్లో చాలా ఇళ్ల పత్రికలు ఆ డిస్కులోనే ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సపోర్టు ఆగిపోయింది. ఈ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. దాంతో అందరూ ‘కొత్తది కొనరాదక్కా’ అన్నవాళ్లే. షట్టర్ కిరాయి, ప్రింటర్ టోనరు పోగా మిగిలేది చూసుకునేవాళ్లకు అది అంత తేలిక కాదు.

నల్లగొండ నుంచి మెకానిక్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సంచి కింద పెడుతూనే అడిగాడు.

“చెల్లె, దీంట్ల కొత్తగ ఏమన్న పెట్టిండ్రా?”

ఆమె కొడుకు వైపు చూసింది. డిప్లొమా చదివే పిల్లవాడు. పెళ్లిళ్ల సీజన్లో ఒక ఫొటోగ్రాఫర్‌కు వీడియోలు ఎడిట్ చేసిపెట్టి నాలుగు రూపాయలు సంపాదించాలని వాడి ఆశ.

“గ్రాఫిక్ కార్డు పెట్టిన మామా. సెకండ్ హ్యాండ్ది. ఆర్‌ఎక్స్ 580.”

“దానికి కరెంటు యాడికెళ్లి ఇచ్చినవ్?”

“కన్వర్టర్ వైరు తోని. ఎస్‌ఎమ్‌పీఎస్ 450 వాట్లది గద, మస్తు సరిపోతదనుకున్న.”

మెకానిక్ ఏమీ అనలేదు. పక్క రేకు విప్పాడు. మల్టీమీటరు తీసి, ఖాళీగా ఉన్న ప్లగ్గులో పసుపు వైరు దగ్గర ఒక మొన, నల్ల వైరు దగ్గర ఒక మొన ఆనించాడు. 11.6 వోల్టులు. పసుపు వైరులో 12 ఉండాలి. అయిదు శాతం అటూ ఇటూ అయినా పర్వాలేదు. అంటే 11.4 దాకా తగ్గొచ్చు, అంతకు దిగకూడదు.

“ఇగ వీడియో పెట్టు బిడ్డా.”

వాడు ఎక్స్‌పోర్ట్ నొక్కాడు. కార్డు ఫ్యాన్ల హోరు పెరిగింది. మీటరులో అంకె 11.2కు, ఆ వెంటనే 10.8కి దిగింది. స్క్రీన్ నల్లబడింది. మెకానిక్ వంగి కన్వర్టర్ ప్లగ్గును పట్టుకుని చూశాడు. తెల్ల ప్లాస్టిక్కు ఒకవైపు గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. ఇంకొన్ని రోజులు అలాగే నడిపి ఉంటే అది అంటుకునేది. అందరూ ఇళ్లకు పోయాక, ఆ కాగితాల మధ్య, రాత్రిపూట అంటుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

నాలుగు స్క్రూలు తీసి, కంప్యూటర్‌కంతా కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్‌ను బయటికి లాగాడు. చేతిలో తేలిగ్గా ఉంది. వెనక 115, 230 అని రాసి ఉన్న ఎర్ర స్విచ్. మన 230 వోల్టుల కరెంటుకు ఆ స్విచ్ పొరపాటున 115 వైపు జరిగితే లోపలి కెపాసిటర్లు పేలిపోతాయి. పక్కన పెద్ద అక్షరాలతో 450. దాని కింద చిన్న గడుల పట్టిక. మెకానిక్ గోటితో ఒక గడి చూపించాడు.

“పెద్దగ రాసింది ఇడిచిపెట్టు. గిది చదువు.”

12 వోల్టుల గడి కింద 14 ఆంపియర్లు అని ఉంది.

“పన్నెండును పద్నాలుగుతోని గుణించు.”

“నూట అరవై ఎనిమిది.”

“నీ కార్డు ఒక్కటే ఎంత గుంజుతది?”

వాడు ఫోన్లో చూశాడు. 185 వాట్లు. ప్రాసెసర్ ఇంకో 65. ఆ రెండూ కలిస్తేనే 250. బోర్డు, డిస్కు, ఫ్యాన్లు కలుపుకుంటే 300 దగ్గరికి పోతుంది. పాత కాలపు ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో 3.3, 5 వోల్టుల లైన్ల మీద ఇవ్వగలిగిందంతా కూడబెట్టి పైన పెద్ద అంకె వేస్తారు. చవక రకాల్లో ఆ మొత్తం కూడా నిజం కాదు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు తీసుకునేది ప్రధానంగా 12 వోల్టుల నుంచే. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్ల వరకు ఇస్తుంది. ఆరు పిన్నుల ప్లగ్గు 75, ఎనిమిది పిన్నులది 150. కన్వర్టర్ వేస్తే ప్లగ్గు ఆకారం మారుతుంది కానీ కరెంటు ఎక్కడి నుంచీ పుట్టుకురాదు.

“మూడు హెచ్‌పీ మోటారుకని గుంజిన సన్న వైరుకు ఐదు హెచ్‌పీ మోటారు తగిలిచ్చినట్టయింది బిడ్డా,” అన్నాడు మెకానిక్.

బోరు మోటార్ల మధ్య పెరిగిన పిల్లవాడికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

గాలి రంధ్రాల్లోంచి టార్చి వేసి చూపించాడు. లోపల రెండు కెపాసిటర్ల నెత్తిన ఉబ్బు, చుట్టూ కారి ఎండిన మరక. పెట్టె మాత్రం విప్పలేదు. విప్పొద్దని పిల్లవాడికి గట్టిగా చెప్పాడు కూడా. ప్లగ్గు పీకినా లోపల మూడు వందల వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండొచ్చు.

ఉబ్బిన కెపాసిటర్ల గొడవ పెద్ద కంపెనీలనూ వదల్లేదు. 2003 మే నుంచి 2005 జూలై వరకు డెల్ పంపిన కంప్యూటర్లలో కనీసం 1 కోటి 18 లక్షలు నాసిరకం కెపాసిటర్ల వల్ల చెడిపోయే ప్రమాదంలో ఉన్నాయని తర్వాత కోర్టు పత్రాల్లో బయటపడింది. ఆ బాగుచేతల కోసం కంపెనీ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పనప్పుడు, ఆరేడు వందల రూపాయల పెట్టెను ఏళ్ల తరబడి నమ్ముకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

మర్నాడు పొద్దున్నే పిల్లవాడు బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్లాడు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ సామాను కోసం తెలంగాణ జిల్లాలన్నీ అక్కడికే వస్తాయి. మెకానిక్ రాసిచ్చిన చీటీలో మొదటి పేరు ఎస్‌ఎమ్‌పీఎస్‌దే. నమ్మకమైన కంపెనీది, 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్, 12 వోల్టుల మీద 36 ఆంపియర్లకు తగ్గకుండా. అంటే 432 వాట్లు. ధర మూడు వేల చుట్టుపక్కల. దాని తర్వాత 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు. డీడీఆర్4 ఈ బోర్డులో కూర్చోదు, గాడి వేరే చోట ఉంటుంది.

మెకానిక్ ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేశాక ఆమె నమ్మలేకపోయింది. హెచ్61 బోర్డు సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే కాబట్టి ఎస్‌ఎస్‌డీ తన పూర్తి వేగం చూపలేదు. అయినా పాత హార్డ్ డిస్క్ ముందు అది ఎంతో మెరుగు. పొద్దున ఆన్ చేసి టీ తాగి వచ్చేదాకా తెరుచుకోని కంప్యూటర్ కూర్చునేలోపే సిద్ధమైంది. ఆమె పనికి కావలసింది ఇదే. పాత కంప్యూటర్‌ను పారేయమనేవాళ్లు ముందు ఈ రెండు మార్పులు చేసి చూడాలని నా గట్టి నమ్మకం. విండోస్ 10కు సపోర్టు లేదు కనుక బ్యాంకు పనులు, ఆన్‌లైన్ దరఖాస్తులు ఇక దీంట్లో చేయొద్దని మెకానిక్ చెప్పాడు. ఆమె నెట్ కేబుల్ తీసేసింది.

“కార్డు పెడుదామా మామా?” పిల్లవాడు ఆగలేకపోతున్నాడు.

“ఆగు. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటదని మీ అమ్మ ఎప్పటినుంచో చెప్తుంది గద.”

గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉంది కానీ పై రంధ్రానికి వెనకాల వైరే లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు కేబినెట్ రేకుకు కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ రేకు మీద సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి చేతికి జిల్లుమని ఊరుకుంటుంది. ర్యామ్‌కు, పెన్‌డ్రైవ్‌కు అది మంచిది కాదు. లోపల ఏదైనా వైరు ఊడి రేకుకు తగిలితే మనిషికే ప్రమాదం. ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, షాపు వెనక గుంత తీయించి, ఉప్పు, బొగ్గు పోసి ఎర్త్ వేయించారు.

ఇక మిగిలింది యూపీఎస్. షాపులో ఉన్నది 600 వీఏ. అంటే 360 వాట్లే. కార్డు పూర్తిగా పనిచేస్తే లోపల 300 వాట్లు. వేడిగా పోయేది కలుపుకుంటే గోడ నుంచి 350 తీసుకుంటుంది. మానిటరుకు ఇంకో 20. సరిగ్గా ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. యాసంగి నాట్ల వేళ మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజీ పడిపోతుంది. కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ 100 నుంచి 240 వోల్టుల వరకు తానే సర్దుకుంటుంది గానీ, కరెంటు మొత్తానికే పోతే అదేం చేయగలదు?

ఆమె తేల్చి చెప్పింది. “జాతర పని అయిపోనీ బిడ్డా. పైసలు రాంగనే 1000 వీఏ యూపీఎస్ కొందాం. అప్పుడు పెట్టుకో నీ కార్డు.”

కార్డు అట్టపెట్టెలో బీరువాకెక్కింది. పేజ్‌మేకర్‌కు బోర్డులో ఉన్న గ్రాఫిక్సే చాలు. జాతర కరపత్రాలు ఆ రాత్రే ప్రెస్సుకు వెళ్లాయి.

పాత కంప్యూటర్‌లో కొత్త కార్డు వేయాలనుకునేవాళ్లకు ఒక్క మాట. డబ్బు ఇచ్చే ముందు మీ ఎస్‌ఎమ్‌పీఎస్ లేబుల్ చూడండి. 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లుంటే అన్నిటినీ 12తో గుణించండి. ప్రాసెసర్, కార్డు కలిసి ఆ వాట్లలో నాలుగింట మూడు వంతులు దాటుతుంటే ముందు ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చండి, కార్డు తర్వాత కొనండి. ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.