సొరల కోసం వేసిన వలలు: ఒక సింహావలోకనం

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి నేటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో ఆగింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద భారతీయ కూలీలను మోసుకొచ్చిన తొలి ఓడ అది. ఆ తర్వాత యాభై ఏళ్లలో అలా వెళ్లిన లక్షన్నర మందిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం గడువు తీరాక భారతీయుల్లో కొందరు డర్బన్ అఖాతంలో చేపలు పట్టి బతికారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ వెలిసింది. మన కోస్తాలో సొర అంటే భయం కన్నా రుచే ఎక్కువ. బాలింతకు పాలు పడతాయని సొర పుట్టు వండి పెడతారు. ఆ తెలుగువాళ్లు వెళ్లి స్థిరపడిన ఊరే సొర భయంతో సముద్రానికి వల కట్టింది.

మొదట కట్టింది వల కాదు, దడి. 1907లో డర్బన్ పురపాలకులు ఒడ్డున అర్ధచంద్రాకారంలో ఒక ఆవరణ కట్టించి అందులో స్నానాలు చేయమన్నారు. హిందూ మహాసముద్రపు కెరటాలు దాన్ని కొట్టి కొట్టి శిథిలం చేశాయి. 1928లో తీసేశారు. 1943 నుంచి 1951 దాకా ఆ తీరంలో ఏడుగురు సొర దాడుల్లో చనిపోయారు. 1952లో వలలు దిగాయి. ఆనాటి నుంచి డర్బన్ స్నానతీరాల్లో సొర వల్ల ప్రాణం పోలేదు. వలలను సమర్థించేవాళ్లకు ఇదే పెద్ద ఆధారం. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే ఆ ప్రాణరక్షణ ఎలా జరిగిందో చూడాలి. ఒక్కో వల 214 మీటర్ల పొడవు, 6 మీటర్ల లోతు. ఒడ్డుకు కొన్ని వందల మీటర్ల దూరంలో, తీరానికి సమాంతరంగా, రెండు వరసల్లో ఎడం ఎడంగా కడతారు. సొర వాటి పైనుంచి రావచ్చు, కిందనుంచి రావచ్చు, మధ్య సందుల్లోంచీ రావచ్చు. చిక్కిన సొరల్లో దాదాపు మూడో వంతు ఒడ్డువైపు నుంచి సముద్రంలోకి తిరిగిపోతూ చిక్కినవే. అంటే అవి అప్పటికే మనుషుల మధ్య తిరిగి, ఎవరినీ ముట్టకుండా వెనక్కి వెళ్తున్నాయి. ఈ వల దేన్నీ అడ్డుకోదు. ఏళ్ల తరబడి పట్టి చంపి, ఆ తీరంలో సొరల సంఖ్యను తగ్గిస్తుంది. స్నానాల రేవు అని పేరు పెట్టినా జరిగేది చేపల వేటే.

1957 డిసెంబరు నుంచి 1958 ఏప్రిల్ దాకా నేటాల్ దక్షిణ తీరంలో వరసగా దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. జనం ఆ కాలాన్ని ‘నల్ల డిసెంబరు’ అన్నారు. సెలవులకొచ్చినవాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు, హోటళ్లు ఖాళీ అయ్యాయి. నౌకాదళం సముద్రంలో డెప్త్ చార్జులనే బాంబులు పేల్చింది. చచ్చిన సొరలు కొద్ది, చచ్చి తేలిన చేపల కోసం వచ్చిన సొరలు ఎక్కువ. 1964లో ప్రభుత్వం సొరల నివారణకు ఒక బోర్డునే ఏర్పాటు చేసింది. నేటి క్వాజులు-నేటాల్ షార్క్స్ బోర్డు అదే. మరో సంగతి కూడా చెప్పుకోవాలి. వల కాపాడిన మంచి తీరాలన్నీ ఆ రోజుల్లో తెల్లవాళ్లవి. 1989లో డర్బన్ తీరాలు అందరికీ తెరుచుకునేదాకా, ఆ ఊళ్లోనే పుట్టిన తెలుగువాడికి కూడా అక్కడ దిగే హక్కు లేదు.

ఇక వలల్లో పోయిన ప్రాణాల సంగతి. ఒక ముప్పై ఏళ్ల లెక్కలో క్వాజులు-నేటాల్ వలల్లో 33,000కు పైగా సొరలు చచ్చాయి. వాటితోపాటు 8,448 టేకు చేపలు, 2,310 డాల్ఫిన్లు, 2,211 తాబేళ్లు. డాల్ఫిన్‌కూ తాబేలుకూ ఊపిరికి పైకి రావాలి. వల పట్టేస్తే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తాయి. చాలా జాతుల సొరలు కూడా ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరు పారుతుంది, కదల్లేకపోతే అవీ చస్తాయి. తెల్ల సొరకు 1991లో చట్టరక్షణ ఇచ్చిన దేశం దక్షిణాఫ్రికా. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం కూడా. అదే దేశంలో ప్రభుత్వ బోర్డు వలలు ఆ సొరను చంపుతూనే ఉన్నాయి. ఇంతకన్నా మనసును కలచివేసేది హంప్‌బ్యాక్ డాల్ఫిన్ కథ. లోతులేని ఒడ్డు నీళ్లను అంటిపెట్టుకుని బతికే జంతువు, ఉన్నవే కొద్ది. వలల్లో పోయిన వాటిలో ఎక్కువ భాగం ఒక్క రిచర్డ్స్ బే దగ్గరివే.

ఈ డాల్ఫినే కువైట్ అఖాతంలోనూ ఉంది. కువైట్‌లో పనిచేసే కడప, కోనసీమ వాళ్లకు అమ్ఘరా అంటే తుక్కు సామాను యార్డులు, గోదాములు. అక్కడినుంచి ఉత్తరంగా కొద్ది దూరంలో ఆ అఖాతం మొదలవుతుంది. కువైట్‌లో స్నానతీరాల సొరవలలు లేవు. చేపల వలలు మాత్రం ఉన్నాయి. వాటిలో పడ్డ సొరలు మార్కెట్‌కు చేరతాయి. 1902లో యెమెన్ తీరంలో దొరికిన ఒకే ఒక్క నమూనా ద్వారా లోకానికి తెలిసిన కార్కరైనస్ లియోడాన్ అనే సొర, నూరేళ్లు దాటాక 2008లో, కువైట్ చేపల మార్కెట్‌లో శాస్త్రవేత్తల కంటపడింది. అంతరించిందో లేదో తెలియని జాతి అమ్మకానికి ఉన్న చేపల మధ్య బయటపడటం నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. మన ఆంధ్ర తీరంలోనూ ఏటా చలికాలంలో వలల్లో చిక్కి చచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. కానీ 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను జాలర్లు, అటవీ సిబ్బంది కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. జాలర్లు తలుచుకుంటే ఏం చేయగలరో అక్కడ కనిపించింది.

స్నానతీరాల సొరవలల విషయంలో ఆస్ట్రేలియా దారి డర్బన్ కన్నా పాతది. సిడ్నీలో 1937లో, క్వీన్స్‌లాండ్‌లో 1962లో వలలు వచ్చాయి. న్యూ సౌత్ వేల్స్‌లో ఇటీవలి సీజన్లలో చిక్కిన జీవుల్లో పదింట తొమ్మిది వంతులు అసలు లక్ష్యం కానివే. మార్పు రాలేదని కాదు. నేటాల్ బోర్డు సార్డీన్ చేపల గుంపులు వచ్చే రోజుల్లో వలలు పైకి తీస్తుంది. 2007 నుంచి కొన్నిచోట్ల వలలకు బదులు ఎర గాలాలున్న డ్రమ్‌లైన్లు పెట్టింది. వాటితో సొరలు చస్తాయి గానీ డాల్ఫిన్లు, తాబేళ్లు చాలావరకు బతుకుతాయి. కేప్‌టౌన్ దగ్గర ఫిష్ హోక్‌లో జీవులు చిక్కుకోని సన్నకన్ను వలను పగలు వేసి సాయంత్రం తీసేస్తున్నారు. నెమ్మదిగా ఉండే ఆ చిన్న అఖాతంలో అది నిలుస్తుంది, డర్బన్ కెరటాలకు ఆగదు. 2019లో ఆస్ట్రేలియా కోర్టు గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్కులో సొరలను చంపే పద్ధతి మానమంది.

2025లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం మాత్రం సొరలను పట్టే కార్యక్రమాన్ని ఇంకా పెంచుతామని ప్రకటించింది. న్యూ సౌత్ వేల్స్ చలికాలంలో, హంప్‌బ్యాక్ తిమింగలాలు వలస పోయే నెలల్లో, వలలు తీసేస్తుంది. క్వీన్స్‌లాండ్ తీయదు. ఆ కొన్ని నెలలైనా తీయండని శాస్త్రవేత్తలు అడుగుతూనే ఉన్నారు.