రగ్బీ: విఫలమైన వలస, నిలిచిన గ్రంథాలయం

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, కంబర్లాండ్ పీఠభూమిపై ఉన్న రగ్బీ గ్రామానికి నేటికీ పురపాలక ప్రతిపత్తి లేదు. ఆంగ్ల నవలాకారుడు థామస్ హ్యూస్ 1880లో దీనిని స్థాపించి, తాను చదివిన పాఠశాల పేరు పెట్టాడు. ఇంగ్లండులో పిత్రార్జితం జ్యేష్ఠపుత్రునికే దక్కేది. కాయకష్టం కులీనులకు తలవంపు. అట్లా ఆస్తీ వృత్తీ లేక మిగిలిన తమ్ముళ్లు ఇక్కడ కృషీవలులై బ్రతకాలన్నది ఆయన ఆశయం. ఆ ఊహలో సంస్కర్త కంటె నవలాకారుడే ఎక్కువగా కనిపిస్తాడు.

1881లో టైఫాయిడ్ ఏడుగురిని బలిగొన్నది. భూమి హక్కుల తగాదాలు, సారంలేని నేల వలసను మరింత కుంగదీశాయి. 1884లో టాబర్డ్ సత్రం దగ్ధమైంది. దశాబ్దం తిరిగేసరికి తొలి వలసదారులలో అధికులు వెళ్లిపోయారు.

1882లో తెరచిన గ్రంథాలయం మాత్రం నిలిచింది. అందులోని సుమారు 7,000 సంపుటాలలో అత్యధికం 1900కు పూర్వపువే. ఊరు వర్ధిల్లి ఉంటే పాతవాటిని తీసివేసి కొత్తవి చేర్చేవారేమో! విక్టోరియా యుగపు పాఠకాభిరుచికి ఈ అలమరలు చెక్కుచెదరని సాక్ష్యం కావడానికి ఆ వైఫల్యమే కారణమని నా అభిప్రాయం. సందర్శకులు దీనితోపాటు 1887 నాటి క్రైస్ట్ చర్చినీ, హ్యూస్ కొరకు కట్టిన కింగ్‌స్టన్ లైల్ గృహాన్నీ చూస్తారు.

హ్యూస్ ఇక్కడ స్థిరపడలేదు. 1881లో వచ్చిన ఆయన తల్లి మార్గరెట్ 1887లో ఇక్కడే మరణించింది. ఆమె సమాధి ఈ ఊరి శ్మశానవాటికలోనే ఉన్నది.