కోవిడ్ కాలంలో క్యాన్సర్ మహిళలు: మనసు నిలబెట్టుకున్న తీరు

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. మదరాసులో మా తెలుగు సంఘం కార్యదర్శిగా ఆ వారం నాకు వచ్చిన ఫోన్లలో చాలావరకు బియ్యం గురించి, మందుల గురించి, ఊరికి పోవడానికి పాసు గురించి. మూడు ఇళ్ళ నుంచి మాత్రం వేరే ప్రశ్న వచ్చింది: "నా కీమో సంగతేమిటండీ?" ఆ మూడు ఇళ్ళతో తర్వాత ఏడాదికి పైగా మాట్లాడుతూ వచ్చాను. నేను వైద్యుణ్ణి కాను, ఫైళ్ళు రాసి రిటైరైన గుమాస్తాను. అయినా ఆ రోజుల్లో క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ళ మనసు ఎలా నలిగింది, దేనితో నిలబడింది అన్న విషయం ఒకచోట రాసి ఉంటే మన కుటుంబాలకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు పరిస్థితి చెప్పాలి. మన దేశంలో ఆడవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లు రెండు. మొదటిది రొమ్ము క్యాన్సర్. రెండోది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఇళ్ళలో దీన్నే గర్భసంచి క్యాన్సర్ అంటాం. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2020లో మన దేశంలో మొదటిది కొత్తగా సుమారు 1,78,000 మందికి, రెండోది సుమారు 1,24,000 మందికి వచ్చాయి. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలను 2021లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. 2020 మార్చి నుంచి మే వరకు మూడు నెలలను అంతకుముందు ఏడాది అవే నెలలతో పోల్చితే, కొత్తగా పేరు నమోదు చేసుకున్న రోగులు 54 శాతం తగ్గారు. తిరిగి చూపించుకోవడానికి వచ్చినవారు 46 శాతం, పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. జబ్బు తగ్గి కాదు, రాలేక.

రైళ్ళు ఆగిపోయాయి, రాష్ట్రాల సరిహద్దులు మూసుకుపోయాయి. సరిహద్దుకు ఇవతల ఇల్లు, అవతల ఆసుపత్రి ఉన్న మన తెలుగువాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. గంజాం నుంచి విశాఖపట్నం పోయేవారు, చిత్తూరు నుంచి వేలూరు వచ్చేవారు, నెల్లూరు నుంచి మదరాసు వచ్చేవారు ఎందరో. 2020 ఏప్రిల్ చివర్లో వేలూరు, చిత్తూరు జిల్లాల మధ్య రెండు చోట్ల రోడ్డుకు అడ్డంగా గోడలే లేచాయి. విమర్శలు రావడంతో తర్వాత తీసేశారు. గోడ పోయినా, అది చూసినవాళ్ళకు కలిగిన భయం అంత త్వరగా పోలేదు.

వాయిదా అంటే ఏమని అర్థమైంది

ఆ నెలల్లో వైద్యులు చికిత్సల క్రమాన్ని మార్చారు. హార్మోన్లకు లొంగే రకం రొమ్ము క్యాన్సర్ అయితే, ఆపరేషన్ చేసే వీలు దొరికేదాకా టామాక్సిఫెన్, లెట్రోజోల్ వంటి మాత్రలు ఇచ్చి ఆపారు. వీలున్నచోట కీమోకు కీమోకు మధ్య వ్యవధి పెంచారు. మన ఇళ్ళలో "కరెంటు పెట్టడం" అనే రేడియేషన్‌ను తక్కువ సిట్టింగులకు కుదించారు. రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత ఒకే వారంలో ఐదు సిట్టింగులు ఇచ్చినా మూడు వారాల్లో పదిహేను ఇచ్చినంత ఫలితం ఉందని బ్రిటన్‌లో జరిగిన పరిశోధన సరిగ్గా 2020 ఏప్రిల్‌లోనే వెలువడింది. ఇవన్నీ ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే.

కానీ ఆ ఆలోచన ఏమిటో రోగికి చెప్పేంత తీరిక చాలాచోట్ల ఎవరికీ లేదు. మా మూడు ఇళ్ళలో ఒకామెకు ఆపరేషన్ వాయిదా వేసి మాత్రలిచ్చి పంపారు. "ఇంక లాభం లేదని మాత్రలు చేతిలో పెట్టారు అన్నయ్యగారూ, నాకు తెలుసులెండి" అంది. పది రోజులు అదే నమ్మకంతో ఉంది. వాళ్ళబ్బాయి చేత డాక్టరుకు ఫోను చేయించి, ఆ మాత్రే వైద్యమని, ఆ మాత్ర గడ్డను పెరగకుండా పట్టి ఉంచుతుందని ఆమె చెవిన వేయించిన తర్వాత గాని అన్నం సరిగ్గా తినలేదు. అందరికీ వాయిదా కుదరదన్నది కూడా తెలుసుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెడితే మొత్తం చికిత్స దాదాపు ఎనిమిది వారాల్లో ముగియాలంటారు. మధ్యలో ఆపడం ప్రమాదం. అటువంటివారు లాక్‌డౌన్‌లో కూడా ఆసుపత్రికి పోతూనే ఉన్నారు.

రెండు భయాలు

కీమో తీసుకున్న వారం పది రోజులకు తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఈ మాట క్యాన్సర్ వార్డులో మొదటి రోజే చెబుతారు. కోవిడ్ వచ్చాక జ్వరానికి ఇంకో అర్థం వచ్చింది. జ్వరమంటే ముందు పరీక్ష, ఫలితం వచ్చేదాకా వేరే గది, తోడు ఎవరూ ఉండరు. మా రెండో ఇంట్లో ఆవిడ రెండు రోజులు జ్వరం దాచింది. థర్మామీటర్ ఎక్కడుందని కోడలు అడిగితే, పగిలిపోయిందని చెప్పింది. అదృష్టం బాగుండి గండం గడిచింది. ఆమెది మొండితనం అని అప్పుడు అందరం విసుక్కున్నాం. చనిపోవడానికి ఆమె భయపడలేదనీ, ఒంటరిగా చనిపోవడానికి భయపడిందనీ తర్వాత ఆమె చెబితేనే తెలిసింది.

మామూలు రోజుల్లో ఆసుపత్రి వరండాలో ఎన్నో మాటలు నడుస్తాయి. నీకెన్నోది, నాకు నాలుగోది, నోటిపూతకు ఏం చేశావు, జుట్టు మళ్ళీ వచ్చిందా. జుట్టు తిరిగి వచ్చిన మనిషిని కళ్ళారా చూడడం కన్నా మందేముంటుంది? కోవిడ్‌లో కుర్చీలు ఎడంగా వేశారు, తోడు ఒకరికే అనుమతి, కొన్నిచోట్ల ఆ ఒక్కరూ గేటు బయటే. ఆ వరండా మాటలు పూర్తిగా పోయాయి.

ఇంట్లో మాత్రం అందరూ ఉన్నారు, అదీ ఇబ్బందే అయింది. కొడుకు ఆఫీసు పని ఇంట్లో, మనవడి బడి ఫోనులో, భర్త టీవీ ముందు. పగలు నడుం వాల్చాలన్నా, ఒక ఏడుపు ఏడవాలన్నా చోటు లేదు. వంట మాత్రం తప్పలేదు. మగవాళ్ళం మనం ఒప్పుకోవలసిన మాట ఇది.

ఒక సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. లాక్‌డౌన్ కొందరికి మేలు చేసింది. జుట్టు ఊడిన తలతో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోనక్కరలేదు, "ఏమిటిలా చిక్కిపోయావు" అని అడిగేవారు రారు. "మాస్కు మేం ముందే కట్టాం, ఇప్పుడు ఊరంతా కట్టింది" అని మా మూడో ఇంటామె నవ్వింది.

ఏవి ఆసరా అయ్యాయి

అన్నిటికన్నా ముందు, రోజుకొక వేళాపాళా. గుడి మూసినా దీపం వేళ తప్పనివారు, చర్చి మూసినా ఫోనులో ప్రార్థనకు కూర్చున్నవారు, సాయంత్రం ఆరింటికి నలుగురైదుగురు ఫోను కలుపుకుని సహస్రనామం చదివినవారు, అందరూ చెప్పింది ఒకటే: ఆ గంట కోసం మిగతా రోజు గడిచేది. క్యాలెండరులో కీమో తేదీ కొట్టేయడం కూడా ఒక ఆసరాయే.

రెండోది, ఇంట్లో తన అవసరం ఉందనిపించడం. ఆ ఏప్రిల్లో నోటిపూతతో మజ్జిగన్నం తప్ప మింగలేని ఆవిడ, గుమ్మంలో కుర్చీ వేసుకుని కోడలి చేత ఆవకాయ కలిపించింది. ఉప్పు మాత్రం తన పిడికిలితోనే కొలిచింది. "నువ్వు పడుకో అత్తయ్యా" అనే ప్రేమ కన్నా "ఉప్పు ఎంత వేయాలి అత్తయ్యా" అనే ప్రశ్న ఆమెకు ఎక్కువ బలమిచ్చింది.

మూడోది భాష. మేం తరాలుగా ఇక్కడే ఉన్నాం, డాక్టరుతో, నర్సుతో అరవంలోనే మాట్లాడతాం, ఇబ్బంది లేదు. కానీ ఆసుపత్రి కౌన్సెలర్ అరవంలో "ఎలా ఉన్నారు" అని అడిగితే మా మూడో ఇంటామె "ఒణ్ణుమిల్లె" అని ముగించేసింది, అంటే ఏమీ లేదని. అదే సాయంత్రం తెలుగులో నాకు చెప్పింది: పదకొండు రోజులుగా నిద్ర లేదట. భయం ఇంటి భాషలోనే బయటికొస్తుంది కాబోలు. అందుకే మా సంఘంలో ముగ్గురు ఆడవాళ్ళు వంతులు వేసుకుని వారానికి రెండుసార్లు ఫోను చేయడం మొదలుపెట్టారు. నేను చేయడం కన్నా అది నయం. రొమ్ము తీసేసిన తర్వాత జాకెట్టు ఎలా కుట్టించుకోవాలన్నది మగవాడితో ఎవరు మాట్లాడతారు?

మా అందరి తప్పూ ఒకటుంది. ఫోను తీయగానే "ధైర్యంగా ఉండండి" అనేవాళ్ళం. ఒకరోజు ఆవిడే అంది: "ధైర్యంగా ఉన్నానని మీ అందరికీ చెప్పడానికే ఓపిక అయిపోతోందండీ." అప్పటినుంచి ఆ మాట మానేసి, రాత్రి నిద్ర పట్టిందా, ఏం తిన్నారు అని అడిగి ఊరుకోవడం నేర్చుకున్నాం.

2021లో పరిస్థితి మళ్ళీ దిగజారింది. జనవరి 19న అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్ శాంతగారు కన్నుమూశారు. ముత్తులక్ష్మి రెడ్డిగారు 1954లో స్థాపించిన ఆ సంస్థలో ఆవిడ జీవితమంతా గడిపారు, మా ఇళ్ళలో ఇంటి పెద్ద పోయినట్టే అనుకున్నారు. మార్చి 1 నుంచి 45 దాటి క్యాన్సర్ వంటి జబ్బులున్నవారికి టీకా ఇచ్చారు. అంతకన్నా చిన్నవాళ్ళు మే దాకా ఆగవలసి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కొరత వార్తలు రోజంతా టీవీలో. ఆ రెండు నెలలు టీవీ కట్టేసిన ఇళ్ళలో రోగి కాస్త స్థిమితంగా ఉంది. ఇది నేను చూసి చెబుతున్నది.

ఎప్పుడు సాయం అడగాలి

బాధపడడం జబ్బు కాదు. కానీ రెండు వారాలకు పైగా రోజూ దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వైద్యం మానేస్తాననడం, బతకడమెందుకు అనడం కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. క్యాన్సర్ వార్డుల్లో డిస్ట్రెస్ థర్మామీటర్ అని ఒకటి వాడతారు. సున్నా నుంచి పది వరకు గీత గీసి, ఈ వారం మీ మనోబాధ ఎంత అని అడుగుతారు. నాలుగు, అంతకు మించితే వివరంగా కనుక్కోవాలి. ఇంట్లో కూడా ఈ ప్రశ్న అడగవచ్చు. మాటల్లో "బాగానే ఉన్నా" అనేవారు అంకె మాత్రం నిజం చెబుతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతామని అడగవచ్చు.

మా మూడు ఇళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఆరు నెలలకొకసారి పరీక్షలకు పోయివస్తున్నారు. ఉప్పు పిడికిలితో కొలిచిన ఆవిడ 2021 మేలో వెళ్ళిపోయింది. కోవిడ్‌తో కాదు, ఆ జబ్బుతోనే. ఇంట్లోనే, కోడలి చెయ్యి పట్టుకుని. నలుగురమే వెళ్ళగలిగాం.