మన్రో పట్టికలకు అందని ఇంటి చదువు

దేశీయుల విద్యాస్థితిని గురించి ప్రభుత్వం దగ్గర ఊహలే తప్ప లెక్కలు లేవని గుర్తించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న ఒక మినిట్ రాశాడు. చదవడం, రాయడం నేర్పే బడులెన్ని, పిల్లలెందరు, వారు ఏ కులాలవారు, ఏ పుస్తకాలు చదువుతారు, ఎంతకాలం చదువుతారు, ఏమి చెల్లిస్తారు అనే వివరాలు పంపవలసిందిగా రెవెన్యూ బోర్డు ద్వారా కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. ప్రశ్నలు సమగ్రమైనవే. కాని అవన్నీ బడి చుట్టూ తిరిగేవి. బంధువుల దగ్గరో, ఇంటికి వచ్చి చెప్పే పంతులు దగ్గరో అక్షరాలు దిద్దే పిల్లలకు ఆ పట్టికలో గడి లేదు.

ఈ లోపాన్ని మొట్టమొదట సూచించినది కెనరా కలెక్టరు. తన జిల్లాలో చదువు ఎంతో ఆంతరంగికంగా సాగుతున్నదనీ, బడులను, విద్యార్థులను లెక్కించి పంపితే అది ప్రయోజనం లేకపోగా తప్పుదారి పట్టిస్తుందనీ ఆయన జవాబిచ్చాడు. పట్టిక పంపనే లేదు. పై అధికారి అడిగిన అంకెను ఏదో విధంగా పూరించి పంపడం సులువైన పని. ఆయన అలా చేయకపోవడం విశేషమే.

మలబారు కలెక్టరు మరో మార్గం తొక్కాడు. అక్కడ కళాశాల ఒక్కటే, అందులో విద్యార్థులు 75 మంది. ధర్మశాస్త్రం, జ్యోతిషం, వైద్యం మొదలైన శాస్త్రాలను గురువుల వద్ద విడిగా అభ్యసించేవారు 1,594 మంది అని ఆయన వేరుగా తెలియజేశాడు. గుంటూరు నుండి కూడా ఇలాంటి సమాచారమే వచ్చింది. పండితులు రుసుము తీసుకోకుండా శిష్యులకు విద్య చెప్పే 171 చోట్లను, 939 మంది శిష్యులను అక్కడ గుర్తించారు.

అందరినీ ఆశ్చర్యపరచినవి మద్రాసు నగరపు అంకెలు. ఇళ్లలో చదువుకొనే పిల్లలు 26,963 మంది అని తేలింది. బడికి వెళ్లేవారికి ఇది దాదాపు అయిదు రెట్లు. మన్రో ఈ అంకెను పూర్తిగా నమ్మలేదు, అందులో ఏదో పొరపాటు ఉండవచ్చునన్నాడు. అయినా దానిని తోసిపుచ్చలేదు. 1826 మార్చి 10 నాటి మినిట్‌లో ఆయన లెక్క ఇలా సాగింది: అయిదు నుండి పదేళ్లలోపు మగపిల్లలు సుమారు 7,13,000, బడిలో ఉన్నవారు 1,84,110, అంటే నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. జిల్లాలలో ఇంటివద్ద చదివేవారి లెక్క రాలేదు కనుక, నిజమైన నిష్పత్తి మూడో వంతుకు దగ్గరగా ఉంటుందని ఆయన అభిప్రాయపడ్డాడు. లెక్కకు రానిదాన్ని లేనిదిగా భావించని పాలకుడు ఆయన.

నిజానికి ఆనాడు ఇంటికీ బడికీ మధ్య గోడ అంత గట్టిది కాదు. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17 నాటి నివేదికలో అక్షరాభ్యాసాన్ని వర్ణించాడు. ఆయన తెలుగు వ్యాకరణం, నిఘంటువు రచించిన వాడు. అయిదో ఏట పంతులూ పిల్లలూ కలిసి బిడ్డ ఇంటికే వెళ్లేవారు. వినాయకుని పూజించి, బిడ్డ వేలు పట్టి బియ్యంలో దైవనామం రాయించేవారు. మరునాటినుండి బడి. ఆ జిల్లాలోని 533 బడులలో 235 కన్నడానివి, 226 తెలుగువి. పిల్లలు పద్యాలు వల్లిస్తారు గాని, కావ్యభాష వాడుకభాషకు దూరమైనందున అర్థం గ్రహించరని ఆయన ఫిర్యాదు. అది కొట్టివేయదగినది కాదు.

ఏమి చదివేవారన్నదానికి రాజమండ్రి కలెక్టరు పంపిన 43 తెలుగు పుస్తకాల జాబితా అమూల్యమైన ఆధారం. సుమతీ, భాస్కర, దాశరథీ శతకాలు, రుక్మిణీ కల్యాణం, పారిజాతాపహరణం, మనుచరిత్ర, వసుచరిత్ర, పావులూరి గణితం అందులో ఉన్నాయి. సుమతీ శతకం నుండి వసుచరిత్ర దాకా నడవాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు.

అయితే ఇంటి చదువు అందరి ఇంటి చదువూ కాదు. మద్రాసులోని ఆ 26,963 మందిలో ఆడపిల్లలు 517 మంది మాత్రమే. బ్రాహ్మణ బాలురు 7,586, శూద్ర బాలురు 7,589. ఈ రెండు అంకెలు దాదాపు సమానమే గాని, జనసంఖ్యతో పోలిస్తే ఆ సమానత్వం నిలవదు. సంకర కులాలని, అపవిత్రులని నాటి పాలకులు పేర్కొన్నవారు చదవడం నేర్వడం అరుదని మన్రోయే రాశాడు. అక్షరం లేని ఇంట బిడ్డకు అక్షరం చెప్పేదెవరు? ఇంటి చదువును పూర్వవైభవంగా కీర్తించేవారు ఈ ప్రశ్నను దాటవేస్తూ ఉంటారు.

ప్రతి కలెక్టరేటులో రెండు ప్రధాన పాఠశాలలు, ప్రతి తహసీల్దారీలో ఒకటి నెలకొల్పాలని మన్రో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది, 1827 జూలై 6న, పత్తికొండలో కలరాతో మరణించాడు. నివేదికలు దస్త్రాలలో ఉండిపోయాయి. 1931 అక్టోబరు 20న లండనులో గాంధీజీ, భారతదేశం యాభై నూరేళ్ల కిందటికన్నా నిరక్షరాస్యమైనదని అన్నప్పుడు సర్ ఫిలిప్ హార్టాగ్ ఆధారాలు కోరాడు. వాద ప్రతివాదాలు ఏళ్ల తరబడి సాగాయి. గాంధీజీ ప్రసంగంలోని మాటనే శీర్షికగా గ్రహించి ధరంపాల్ 1983లో వెలువరించిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథంలో కలెక్టర్ల నివేదికలు విపులంగా అచ్చయ్యాయి. కెనరా అంకెలు మాత్రం అందులోనూ లేవు.