30 దాటాక ఈతలో స్పీడ్ పెరుగుతుందా? చరిత్రని అడుగుదాం

ఈ రోజు టాపిక్ నాకు బాగా దగ్గరిది. నా వయసు 37. రోజూ పొద్దున్నే అయిదున్నరకి పూల్‌లో దిగుతాను. మాస్టర్స్ పోటీల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదుతాను. ఇంట్లో, ఆఫీసులో అందరిదీ ఒకటే మాట: "ఆరోగ్యం కోసమైతే ఈదు, ఈ వయసులో స్పీడ్ ఎక్కడ పెరుగుతుంది?" నిజంగా పెరగదా? దీని మీద వాదించుకోవడం కంటే చరిత్రని అడగడం మేలు. ఎందుకంటే ఈతలో టైమింగ్స్ రాసిపెట్టి ఉంటాయి. వందేళ్ల కిందటివి కూడా మన ముందున్నాయి.

ముందు హవాయి వెళ్దాం. డ్యూక్ కహానమోకు. సర్ఫింగ్‌ని ప్రపంచానికి పరిచయం చేసిన మనిషి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గోల్డ్ ఆయనదే. వయసు 21, టైమ్ 1 నిమిషం 3.4 సెకన్లు. 1916 ఒలింపిక్స్ మొదటి ప్రపంచ యుద్ధం వల్ల జరగలేదు. 1920 ఆంట్‌వెర్ప్‌లో మళ్లీ గోల్డ్. 1924 పారిస్‌కి వచ్చేసరికి ఆయనకి 33 ఏళ్లు. ఈసారి సిల్వర్. గోల్డ్ కొట్టింది 20 ఏళ్ల జానీ వైస్‌ముల్లర్, తర్వాత సినిమాల్లో టార్జాన్‌గా వేసినాయన.

పెద్దాయన ఓడాడు, కుర్రాడు గెలిచాడు, కథ అయిపోయింది అనుకుంటాం. కానీ టైమ్ చూడండి. పారిస్‌లో డ్యూక్ ఈదింది 1 నిమిషం 1.4 సెకన్లలో. 21 ఏళ్లప్పుడు గోల్డ్ తెచ్చిన టైమ్ కంటే 2 సెకన్లు తక్కువ! స్టాక్‌హోమ్‌లో సముద్రపు పాయలో ఈదారు, పారిస్‌లో పూల్ ఉంది, ఆ తేడా కూడా లెక్కలో వేసుకోవాలి. అయినా 33 ఏళ్లకి మనిషి నెమ్మదించిపోయాడని ఆ నంబర్ చూసి ఎవరూ అనలేరు.

ఇదెలా సాధ్యం? ఇక్కడ కొంచెం ఫిజిక్స్ కావాలి. నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. మీరు వేగం పెంచేకొద్దీ నీళ్లు ఇంకా గట్టిగా వెనక్కి తోస్తాయి. మోటుగా లెక్కేస్తే, 10 శాతం ఫాస్ట్‌గా వెళ్లాలంటే సుమారు 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. ఒక్క కండబలంతో ఈ లెక్క తీరదు. అదే శరీరాన్ని నీళ్లలో సూటిగా, సన్నగా ఉంచితే నీళ్లు అడ్డుపడటమే తగ్గుతుంది. ఆ పనికి వయసుతో సంబంధం తక్కువ. కావాల్సిందల్లా కొత్తగా నేర్చుకునే మనసు.

ఆ మనసే కష్టం. దానికీ చరిత్రలో సాక్ష్యం ఉంది. 1844లో ఉత్తర అమెరికా ఆదివాసీలు ఇద్దరు లండన్‌లో ఈదారు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి పైనుంచి వేస్తూ, కాళ్లతో నీళ్లు కొడుతూ 130 అడుగుల పూల్‌ని అర నిమిషంలో దాటేశారు. చూసిన ఇంగ్లిష్ వాళ్లేమన్నారు? గాలిమరలా చేతులు తిప్పడం, నీళ్లు చిమ్మడం, ఇది నాగరికులు ఈదే పద్ధతి కాదు అన్నారు. తమ బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే కప్పలా ఈదడం, దాన్నే పట్టుకుని కూర్చున్నారు. 1875లో మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ చానల్ ఈదింది కూడా బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే, దాదాపు 22 గంటలు. ఫాస్ట్‌గా ఈదే దారి కళ్లముందే కనిపించింది. కానీ అలవాటు మార్చుకోవడానికి వాళ్లు ఒప్పుకోలేదు.

ఇప్పుడు అలవాట్లని కెమెరాతో పట్టుకున్న ఒకాయన గురించి చెప్తాను. జేమ్స్ కౌన్సిల్‌మన్, ఇండియానా యూనివర్సిటీ కోచ్. అందరూ 'డాక్' అని పిలిచేవాళ్లు. 1972 ఒలింపిక్స్‌లో 7 గోల్డ్‌లు కొట్టిన మార్క్ స్పిట్జ్ ఈయన శిష్యుడే. ఈయన ఈతగాళ్లని నీళ్ల కింద నుంచి ఫిల్మ్ తీశాడు. గొప్ప ఈతగాళ్లు చేతిని కర్రలా బిగబట్టి లాగడం లేదని, నీళ్లలో మోచెయ్యి వంచుతున్నారని ఆ ఫిల్మ్ చూపించింది. 1968లో 'ది సైన్స్ ఆఫ్ స్విమ్మింగ్' అనే పుస్తకం రాశాడు. ఇవాళ మీరూ నేనూ ఫోన్‌లో స్ట్రోక్ వీడియో తీసుకుని స్లో మోషన్‌లో చూసుకుంటున్నామే, దాని వెనక ఈయన కష్టం ఉంది. నాకు బాగా నచ్చేది మాత్రం ఇంకోటి. 1979లో, 58 ఏళ్ల వయసులో, డాక్ స్వయంగా ఇంగ్లిష్ చానల్ ఈదేశాడు. అప్పటికి ఆ పని చేసిన వాళ్లందరిలో పెద్దవాడు ఆయనే.

టెక్నిక్ తర్వాత ప్రాక్టీస్. ఆగకుండా గంట ఈదితే స్పీడ్ రాదు, గంట ఈదే ఓపిక వస్తుంది. 1930ల్లో జర్మన్ కోచ్ గెర్ష్లర్ పరుగు పందాల వాళ్లకి ఇంటర్వల్ పద్ధతి పెట్టాడు: కొంచెం దూరం గట్టిగా, కొంచెం రెస్ట్, మళ్లీ గట్టిగా. ఈతలో దాన్ని బాగా వాడిన వాళ్లలో డాక్ ఒకడు. ఆస్ట్రేలియాలో ఫోర్బ్స్ కార్లైల్, ప్రొఫెసర్ ఫ్రాంక్ కాటన్ కలిసి ఇంకో సంగతి చూపించారు. పోటీకి ముందు ప్రాక్టీస్ తగ్గించాలి, శరీరానికి టైమ్ ఇవ్వాలి. దీన్నే టేపర్ అంటారు. రెస్ట్ అంటే బద్ధకం కాదు, ట్రైనింగ్‌లో భాగమే. 30 దాటిన వాళ్లకి ఈ ముక్క బంగారం. మనకి తగ్గేది ముఖ్యంగా కోలుకునే వేగం కదా!

మరి పెద్దవాళ్లకి పోటీలెక్కడివి? రాన్సమ్ ఆర్థర్ అని అమెరికన్ నేవీ డాక్టర్. ముందు ఓ పోటీ ఉంటే పెద్దవాళ్లు కూడా క్రమంగా ఈదుతారు, ఆరోగ్యంగా ఉంటారని ఆయన నమ్మాడు. 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో అమెరికా మొదటి మాస్టర్స్ జాతీయ పోటీలు జరిగాయి. 1986లో టోక్యోలో ప్రపంచ మాస్టర్స్ పోటీలు మొదలయ్యాయి. 25 ఏళ్లు దాటినవాళ్లకి అయిదేళ్లకో గ్రూపు. నేను 35-39లో ఈదుతాను. పక్క లేన్‌లో 18 ఏళ్ల కుర్రాడు ఉండడన్నమాట.

చివరగా డారా టారెస్. 1984లో, 17 ఏళ్ల వయసులో, 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 25.61 సెకన్ల ప్రపంచ రికార్డు పెట్టింది. మధ్యలో రిటైరైంది, తిరిగొచ్చింది, మళ్లీ ఆపింది, 2006లో తల్లయింది. 2008 బీజింగ్‌లో, 41 ఏళ్ల వయసులో, అదే 50 మీటర్లు 24.07లో ఈదింది. సెకనులో వందో వంతు తేడాతో గోల్డ్ పోయింది, సిల్వర్ వచ్చింది. ఆ ఏడాది హైటెక్ సూట్ల సాయం ఉందన్నది నిజమే. అయినా ఒకటిన్నర సెకన్ల తేడా మొత్తం సూట్‌దే అంటే నేను నమ్మను. చిన్నప్పటి కంటే చాలా తక్కువ మీటర్లు ఈదింది. జిమ్‌కి, స్ట్రెచింగ్‌కి, రెస్ట్‌కి ఎక్కువ టైమ్ ఇచ్చింది.

అబద్ధం చెప్పను, వయసు ఏదో ఒకరోజు గెలుస్తుంది. మాస్టర్స్ రికార్డులు చూసినా పై గ్రూపులకి వెళ్లేకొద్దీ టైమ్ పెరుగుతూనే ఉంటుంది. కానీ ఆ రోజు 30కే వచ్చేస్తుందని చరిత్ర చెప్పట్లేదు. పైగా డ్యూక్, డారా ఇద్దరూ కుర్రతనంలోనే ప్రపంచంలో అందరికంటే ముందున్నవాళ్లు. వాళ్లకే ఇంకా తగ్గించుకోవడానికి సెకన్లు మిగిలాయంటే, ఆలస్యంగా మొదలుపెట్టిన మనలాంటి వాళ్లకి ఎన్ని మిగిలి ఉంటాయో ఆలోచించండి.

మీరూ ఈత మొదలుపెడుతుంటే ఇవాళ్టి టైమ్ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు, ఆ పేజీ తీసి చూపిస్తే చాలు. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.