లిండన్ జాన్సన్: ప్రజాభిప్రాయం ఎందుకు చీలింది?

రెండేళ్ల కిందట ఒక సాహిత్య పాఠశాలలో వియత్నాం యుద్ధం మీద వచ్చిన కవిత్వం గురించి మాట్లాడాను. మాటల మధ్యలో ఆనాటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌ను 'హంతకుడు' అన్న ఒక్క మాటతో తేల్చేసి ముందుకు పోయాను. సభలో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది, ఒక్క పరిశోధక విద్యార్థికి తప్ప. అతను లేచి, "మరి 1965 ఓటు హక్కు చట్టం మీద సంతకం చేసిందెవరండీ?" అని అడిగాడు. "ఓట్ల కోసం చేశాడు" అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆ చప్పట్లకు నేను తగనని ఆ రాత్రే తెలిసింది. ఎందుకంటే జాన్సన్‌కు ఆ చట్టాల వల్ల ఓట్లు రాలడం కన్నా పోవడమే ముందు జరిగింది. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం మీద సంతకం చేసిన మనిషి, ఆ నవంబరులో దేశమంతటా 61 శాతం ఓట్లతో గెలుస్తూ, దక్షిణాదిలో మిసిసిపి, అలబామా, జార్జియా, లూసియానా, సౌత్ కెరొలీనా రాష్ట్రాలను ప్రత్యర్థి గోల్డ్‌వాటర్‌కు వదులుకున్నాడు. తరతరాలుగా డెమొక్రాటిక్ పార్టీకి కంచుకోటలైన రాష్ట్రాలవి. నా జవాబు చరిత్ర కాదు, చరిత్రను తప్పించుకునే చతురత.

జాన్సన్ మీద అమెరికాలో ఇవాళ్టికీ ఒక మాట కుదరలేదు. చరిత్రకారుల చేత అధ్యక్షులకు మార్కులు వేయించే అలవాటు ఆ దేశంలో ఉంది. అందులో సమానన్యాయం కోసం పాటుపడటం అనే అంశంలో జాన్సన్‌ది లింకన్ తర్వాతి స్థానం, విదేశీ వ్యవహారాల్లో అట్టడుగు వరుస. ఈ రెంటినీ కలిపి సరాసరి తీసి, మొత్తం మీద పదో పదకొండో స్థానం ఇస్తారు. చచ్చినవాళ్లనీ ఓటు వచ్చినవాళ్లనీ ఒకే త్రాసులో వేసి తీసిన ఈ సరాసరి నాకు హాస్యాస్పదంగా తోస్తుంది. అయితే అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. జాన్సన్లు ఇద్దరు, ఇంట్లో మంచివాడు, బయట చెడ్డవాడు, అన్న వాదన. ఇది చాలా సౌకర్యమైన వాదన. ఎవరికి నచ్చిన జాన్సన్‌ను వాళ్లు ఇంటికి తీసుకుపోవచ్చు. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదన నిలవదు.

1965 మార్చి 7. అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం నడుస్తున్న నల్లజాతి ప్రజలను ఎడ్మండ్ పెటస్ వంతెన దగ్గర రాష్ట్ర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదారు. తల పగిలిన వాళ్లలో పాతికేళ్ల జాన్ లూయిస్ ఒకడు. ఆసుపత్రికి వెళ్లే ముందు అతను చర్చిలో చేరిన జనంతో, వియత్నాంకు సైన్యాన్ని పంపగలిగిన అధ్యక్షుడు సెల్మాకు ఎందుకు పంపలేడో తనకు అర్థం కావడం లేదన్నాడు. మర్నాడే, మార్చి 8న, 3,500 మంది మెరీన్లు వియత్నాంలోని డానాంగ్ తీరాన దిగారు. ఈ రెంటి మధ్యా ఉన్న సంబంధం ఏ పరిశోధకుడూ కనిపెట్టింది కాదు. తల కట్టు కట్టించుకోకముందే లూయిస్ చూశాడు. వారం తిరిగాక, మార్చి 15న, జాన్సన్ కాంగ్రెస్ ఉభయసభల ముందు నిలబడి ఓటు హక్కు చట్టం కావాలన్నాడు. కుర్రతనంలో టెక్సాస్‌లోని కొటుల్లా ఊళ్లో తాను పాఠం చెప్పిన మెక్సికన్ పిల్లల ఆకలిని తలచుకున్నాడు. ఉద్యమకారులు పాడుకునే పాటలోని పల్లవినే తన మాటగా పలికాడు. అది నటన అని నేననుకోను. ఆ ప్రసంగం జరుగుతున్న నెలలోనే ఉత్తర వియత్నాం మీద 'రోలింగ్ థండర్' బాంబుదాడి మొదలై ఉంది. అది మూడున్నరేళ్లకు పైగా సాగింది.

అదే ఏడాది వేసవిలో పది రోజులు చూడండి. జూలై 28న వియత్నాంలోని సైన్యాన్ని 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నామనీ, నెలనెలా బలవంతపు సైనిక భర్తీని 17,000 నుంచి 35,000కు పెంచుతున్నామనీ ప్రకటన. జూలై 30న వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్యబీమా ఇచ్చే మెడికేర్ చట్టం మీద సంతకం. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం. మరో అయిదు రోజులకు లాస్ ఏంజిలిస్‌లో నల్లవాళ్లుండే వాట్స్ పేట తగలబడింది. ఈ పది రోజుల్లో ఇద్దరు జాన్సన్లు వంతులవారీగా పనిచేయలేదు. యుద్ధానికి అదనపు పన్ను అడిగితే, రిజర్వు దళాలను పిలిస్తే, కాంగ్రెస్‌లోని సంప్రదాయవాదులు ఆ వంక పెట్టుకొని పేదల పథకాలను తెగ్గోస్తారని జాన్సన్ భయం. అందుకని యుద్ధం ధరను దాచాడు. సంక్షేమాన్ని కాపాడటానికే అబద్ధం చెప్పాడన్న మాట. దాచిన ధర దాగదు. 1968లో పది శాతం అదనపు పన్ను వేయక తప్పలేదు. సభలో పన్నుల కమిటీ అధ్యక్షుడు విల్బర్ మిల్స్ దానికి అడిగిన మూల్యం 600 కోట్ల డాలర్ల ఖర్చు కోత.

సంక్షేమమూ యుద్ధమూ ఎంతగా ఒకే భాష మాట్లాడాయో చెప్పడానికి మరొక ఉదాహరణ చాలు. 1966లో రక్షణమంత్రి మెక్‌నమారా 'లక్షమంది పథకం' ప్రకటించాడు. పరీక్షల్లో తప్పి సైన్యానికి పనికిరారనిపించుకున్న పేద యువకులను చేర్చుకొని, శిక్షణనిచ్చి, దారిద్ర్యం నుంచి పైకి తెస్తామన్నాడు. అలా 3 లక్షల మందికి పైగా చేరారు. వారిలో సుమారు 40 శాతం నల్లవాళ్లు. 5,000 మందికి పైగా చచ్చిపోయారు. కాలేజీలో ఉన్న కుర్రవాడికి వాయిదా దొరికే రోజుల్లో, కాలేజీ గడప తొక్కలేని వాడికి దొరికిన 'అభ్యున్నతి' అది.

ఇంట్లో జాన్సన్ మంచివాడన్న మాట కూడా పూర్తి నిజం కాదు. 1964 ఆగస్టులో, టోంకిన్ సింధుశాఖ తీర్మానం దిగువసభలో 416–0తో, సెనేట్‌లో 88–2తో నెగ్గిన రెండు వారాలకు, మిసిసిపి నుంచి ఫానీ లూ హేమర్ అనే కూలిమనిషి డెమొక్రాటిక్ పార్టీ మహాసభకు వచ్చింది. పత్తిచేలలో పనిచేసిన మనిషి. ఓటరుగా నమోదు కావాలని వెళ్లినందుకు పని పోయిందనీ, జైల్లో తనను ఎలా కొట్టారో కూడా చెబుతుంటే దేశమంతా టెలివిజన్‌లో చూస్తోంది. జాన్సన్ ఆ క్షణాన హడావిడిగా తన సమావేశమొకటి పెట్టి కెమెరాలను అటు తిప్పించాడు. (ఆమె మాటలను సాయంత్రం మళ్లీ చూపించారు, అది వేరే సంగతి.) హేమర్ పక్షానికి రెండే రెండు సీట్లు ఇవ్వజూపితే వాళ్లు కాదన్నారు. మిసిసిపిలో ఓటర్లుగా నమోదైన నల్లవాళ్లు 1965లో అర్హుల్లో 6.7 శాతం, 1967కు 59.8 శాతం. ఈ అంకెను జాన్సన్ దానం అంటే హేమర్ మాయమవుతుంది. "ఓట్ల కోసం" అని నేనన్నప్పుడూ ఆమే మాయమైంది. పొగిడినవాళ్లూ తిట్టిన నేనూ ఒకే పని చేశాం.

ఇక రచయితల సంగతి. 1965 జూన్ 14న వైట్‌హౌస్‌లో కళోత్సవం జరిగింది. కవి రాబర్ట్ లోవెల్ మొదట వస్తానని, తర్వాత విదేశాంగ విధానానికి నిరసనగా రానని అధ్యక్షుడికి బహిరంగలేఖ రాశాడు. అది చవక నిరసన కాదు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరనని జైలుకు వెళ్లిన మనిషి అతను. జాన్ హెర్సీ వెళ్లి, అధ్యక్షుడి భార్య ఎదుట తన 'హిరోషిమా' పుస్తకం నుంచి చదివాడు. రాల్ఫ్ ఎలిసన్ కూడా వెళ్లాడు, కానీ నిరసనకు కాదు. బానిసల మనవడైన ఈ నల్లజాతి నవలాకారుడు 1968లో, యుద్ధం మీద కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు, జాన్సన్‌ను సమర్థిస్తూ వ్యాసమే రాశాడు. పేదలకూ నల్లవారికీ ఇంతటి అధ్యక్షుడు మరొకడు లేడన్న గుర్తింపుతో జాన్సన్ సరిపెట్టుకోవలసి రావచ్చుననీ, అది తక్కువ గౌరవమేమీ కాదనీ దాని సారాంశం. చాలాకాలం నేను ఎలిసన్‌ను లొంగిపోయినవాడిగా చదివాను. ఇప్పుడలా చదవలేను. లోవెల్ బోస్టన్ కులీన కుటుంబంవాడు. ఓటు అతని ఇంట్లో తరతరాలుగా ఉన్నదే. ఆ చట్టంలో ఎలిసన్ చూసినది లోవెల్ చూడవలసిన అవసరం లేకపోయింది. అలాగే డానాంగ్ పల్లెల్లో మనుషులు చూస్తున్నది ఎలిసన్ తన వ్యాసంలోకి రానివ్వలేదు. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో అక్కడి నుంచే వాళ్ల తీర్పు వచ్చింది.

అలా నిలబడిన చోటునుంచి కదిలినవాడు మార్టిన్ లూథర్ కింగ్. చట్టాలు వచ్చేదాకా జాన్సన్‌తో కలిసి నడిచి, 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో యుద్ధాన్ని నేరుగా ఖండించాడు. ఒకే బడిలో కలిసి కూర్చోలేని నల్ల, తెల్ల కుర్రవాళ్లు వియత్నాంలో కలిసి చంపుతున్నారు, కలిసి చస్తున్నారన్నాడు. పేదల డబ్బును యుద్ధం పీల్చేస్తోందన్నాడు. న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ రెండూ ఆయన మీద సంపాదకీయాలు రాశాయి. పౌరహక్కుల నాయకుల్లో కొందరు కూడా దూరం జరిగారు. రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో రాయాలన్నందుకు దక్కిన బహుమానం అది.

దూరదేశపు గొడవలా రాసుకుపోతున్నాను గాని, ఈ చీలిక మా ఇంట్లోనూ ఉంది. 1966లో నేను నాలుగో తరగతి. చౌకడిపోలో బియ్యం బదులు అమెరికా గోధుమలు ఇచ్చేవారు. గోధుమలు వండటం రాని మా అమ్మ వాటిని రవ్వగా విసిరి ఉప్పిండి చేసేది. ఆ గోధుమల వెనక కథ పెద్దయ్యాక తెలిసింది. వరుస కరువుల్లో దేశం ఏడాదికి సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకుంటున్నప్పుడు, జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందం పక్కనపెట్టి కొద్దికొద్దిగా, తన అనుమతి మీదనే ఓడలు కదిలేటట్టు చేశాడు. వ్యవసాయ విధానం మార్చుకోమని ఒత్తిడి ఒకటి, వియత్నాం మీద భారత్ చేస్తున్న విమర్శ మీద కోపం మరొకటి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, పోప్ అన్నదే మేమూ అంటున్నామని మనవాళ్లంటే, వాళ్లకు మన గోధుమలు అక్కర్లేదుగా అన్న జవాబు వచ్చిందని ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న చెస్టర్ బౌల్స్ తన జ్ఞాపకాల్లో రాశాడు. మా అమ్మ ఉప్పిండికీ వియత్నాంకూ ఉన్న సంబంధం అది.

మా బావది మరో లెక్క. అక్కను చేసుకున్న ఏడాదే, 1972లో, డాక్టరుగా డెట్రాయిట్ వెళ్లాడు. 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం, జాతుల వారీ కోటాలను రద్దు చేయకపోతే ఆ ప్రయాణం లేదు. అంతకు ముందు భారతదేశానికి ఏడాదికి కోటా 100. వియత్నాం మాట నేనెత్తితే బావ చట్టం మాట ఎత్తేవాడు. "మీ అల్లుళ్ల కాలేజీ ఫీజులు ఎవరి సంతకం మీద కట్టానో నీకేం తెలుసోయ్" అనేవాడు. ఆయనది కృతఘ్నత కాదు. నాది అసూయ కాదు. ఇద్దరం చెప్పింది నిజమే, ఇద్దరం సగమే చెప్పాం.

అయితే సగాలు రెండూ కలిపితే 'విషాద నాయకుడు' అనే బొమ్మ కట్టుకోవడం తేలిక. సాహిత్య విద్యార్థులు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. జాన్సన్ పదవి దిగాక డోరిస్ కెర్న్స్‌తో మాట్లాడుతూ, పేదల కార్యక్రమాలను తాను ప్రేమించిన స్త్రీతోనూ, యుద్ధాన్ని ఆమెను విడిచేలా చేసిన వేశ్యతోనూ పోల్చుకున్నాడు. 1976లో ఆమె పుస్తకంలో ఆ మాట వచ్చాక విషాదగాథ స్థిరపడిపోయింది. ఆడవాళ్ల మీద ఆ ఉపమానం సంగతి పక్కన పెట్టినా, యుద్ధం ఎక్కడినుంచో వచ్చి మీద పడ్డట్టు చెప్పడం కర్త లేని వాక్యం రాయడమే. 1990లలో విడుదలైన టెలిఫోన్ టేపుల్లో, 1964 మే 27న, ఈ యుద్ధం చేయదగినది కాదని, బయటపడే దారి కనిపించడం లేదని జాన్సన్ చెప్పుకోవడం వినిపిస్తుంది. ఒకరికి ఆ గొంతులో వేదన వినిపిస్తుంది. నాకు, తెలిసి తెలిసి చేసిన నిర్ణయం వినిపిస్తుంది. ఆగస్టు 4న జరిగిందని చెప్పి తీర్మానం నెగ్గించుకున్న రెండో దాడి అసలు జరగనే లేదని, 2005లో బయటపెట్టిన అమెరికా గూఢచారి సంస్థ పత్రమే చెప్పింది. విషాద నాటకంలో నాయకుడు ఒక్కడే ఉంటాడు. 1954–75 మధ్య ఇరవై లక్షల పౌరులు పోయారని 1995లో వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన లెక్కకు ఆ నాటకంలో పాత్ర లేదు. వాళ్లు నాయకుడి దుఃఖానికి నేపథ్యం.

మొన్న ఆ పాఠశాల ప్రసంగాలను పుస్తకంగా వేస్తూ మిత్రులు ప్రూఫులు పంపారు. 'హంతకుడు' అన్న మాటను అలాగే ఉంచాను. చివర ప్రశ్నోత్తరాల దగ్గర నా జవాబు కొట్టేసి, ఆ విద్యార్థి ప్రశ్నను మాత్రం అచ్చు వేయమన్నాను.