రాతిపై నీడ, నోటిలో పేరు

వెల్దుర్తి, మాచర్ల, కారెంపూడి ప్రాంతములలో తిరుగువారికి ఊరి వెలుపలనో, గుడి ప్రక్కనో కత్తి పట్టిన వీరుని బొమ్మ చెక్కిన రాళ్ళు అక్కడక్కడ కనిపించును. వీటిని వీరగల్లులు అందురు. ఈ బొమ్మ ఎవరిదని అడిగినచో, "ఎవరో పూర్వపు వీరుడు" అనుటయే తరచు వచ్చు జవాబు. రాయి మిగిలినది; పేరు పోయినది. చనిపోయినవారి జ్ఞాపకమును నిలుపునది రాయియా, మనుష్యులా? ఈ ప్రశ్నకు పలనాటిలోనే రెండు సాక్ష్యములు ఉన్నవి.

మొదటిది నాగార్జునకొండ. క్రీ. శ. 3, 4 శతాబ్దులలో అక్కడి విజయపురి ఇక్ష్వాకు రాజులకు రాజధాని. ఆ కాలపువారు గతించిన తమ వారికై సున్నపురాతి స్తంభములు నిలిపినారు. వాటిపై బొమ్మలు చెక్కి, బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనము వ్రాయించినారు. వీటికి ఛాయాస్తంభములని పేరు. ఛాయ యనగా నీడ, ప్రతిరూపము. మనిషి పోయినను అతని నీడ రాతిపై నిలుచుననుట ఎంత చక్కని ఊహ!

ఇక్ష్వాకు వంశ స్థాపకుడైన చాంతమూలుని ఛాయాస్తంభమును, అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరమున, రాజు తల్లులు, అక్కచెల్లెండ్రు, రాణులు కలిసి నిలిపినారు. ఈ గౌరవము రాజులకే పరిమితము కాదు. సైనికులకు, సేనానులకు, చేతిపనివానికి కూడ ఇట్టి స్తంభములు కలవు.

కాని ఇక్ష్వాకుల పాలన అంతరించినది. నగరము పాడుపడినది. లిపి మారుచు మారుచు పోగా, ఆ అక్షరములను చదువగలవారే లేకపోయిరి. 1926లో ఏ. ఆర్. సరస్వతి ఈ శిథిలములను కనుగొన్న తరువాతనే పండితులు వాటిని చదివి ఆ పేర్లను మరల వెలికి తెచ్చినారు. నాగార్జునసాగర్ జలాశయములో లోయ మునుగనున్నందున 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యమున విస్తారముగ త్రవ్వకములు జరిగినవి. దొరికిన శిల్పములలో అనేకము నేడు ద్వీపముగా మారిన ఆ కొండపై మ్యూజియములో ఉన్నవి.

ఇట్టి మరపు మనకే ప్రత్యేకము కాదు. ఇంగ్లండులో ఆంగ్లో-శాక్సనులు 7వ శతాబ్ది ఆరంభమున సట్టన్ హూ అనుచోట ఒక ప్రముఖుని పెద్ద ఓడలో ఉంచి, బంగారముతో, ఆయుధములతో పాటు మట్టిదిబ్బ క్రింద పూడ్చినారు. 1939లో త్రవ్వి చూడగా సంపద దొరికినది గాని, ఎముకలు ఆమ్లము గల నేలలో కరిగిపోయినవి. అతని పేరు ఎచటను వ్రాసి లేదు. అతడు రెడ్వాల్డ్ అను రాజు కావచ్చునని పండితుల ఊహ. ఆ జాతివారే తరువాత మఠములలో పేర్ల పుస్తకములు ఉంచి, అందలి వారికై ప్రార్థించుట అలవరచుకొనిరి. 9వ శతాబ్దిలో బంగారు, వెండి సిరాలతో పేర్లు వ్రాసిన అట్టి గ్రంథమొకటి నేటికిని ఉన్నది.

ఇక మన రెండవ సాక్ష్యము కారెంపూడి. క్రీ. శ. 1182 ప్రాంతమున నాగులేటి ఒడ్డున పలనాటి యుద్ధము జరిగినది. అచటి వీరుల గుడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరాచారవంతులు తమ పెద్దల ఆయుధములను తెచ్చి కొలుతురు. కులభేదము లేక ఒకే చాపపై భుజించు చాపకూడు బ్రహ్మనాయుడు నెలకొల్పినదని ప్రతీతి. అది కూడ ఈ ఉత్సవములో భాగమే. కథను గాయకులు పాడుదురు. అందువలన బాలచంద్రుడు, కన్నమదాసు అను పేర్లు చదువురాని వారికి కూడ నోటనే ఉన్నవి. తరతరములు నోట నడచిన కథలో చరిత్రతో పాటు కల్పన కూడ చేరును. ఐనను పేరు చావలేదు.

కావున రాయి ఒకటే చాలదు. నోరు ఒకటే చాలదు. రాయికి కాలము ఖచ్చితముగ తెలుపు గుణమున్నది. నోటికి ప్రాణము నిలుపు గుణమున్నది. మన ఊరి వీరగల్లును గురించి పెద్దలు చెప్పు మాటను నేడే వ్రాసి ఉంచినచో, ఆ రెండు గుణములును ఒకచోట చేరును. అది చెప్పగల పెద్దలు ఎల్లకాలము ఉండరు గదా!